అద్దం ముందు మనిషి

"ఏంటా మొహం?" అన్నాడు ఫ్లోర్ మేనేజర్.

బట్టల షాపు ఇంకా తెరవలేదు. అమ్మాయిలంతా వరసగా నిలబడి ఉన్నారు.

అతను అడిగింది అద్దం పిల్లను. నిలువుటద్దం పక్కన నిలబడి, కస్టమర్లు చూపించిన గౌన్లూ స్కార్ఫులూ తన మీద వేసుకుని చూపించడం ఆమె పని. అందుకే షాపులో అందరూ ఆమెను అలా పిలుస్తారు.

"బిడ్డకి జ్వరం సార్. రాత్రంతా నిద్ర లేదు."

"నీ బిడ్డ జ్వరంతో కస్టమర్‌కేం పని?"

ఆమె చేత్తో మొహం తుడుచుకుంది.

"ఇవాళ హెడ్డాఫీసు మనిషి వస్తారు. మామూలు కస్టమర్‌లా వచ్చి, అంతా చూసి పోతారు. ఎవరో నాకూ తెలీదు. నీ మొహం గురించి ఒక్క మాటొచ్చినా సరే, రేపట్నుంచి కింద గోడౌన్‌లో ఉంటావు."

గోడౌన్ అంటే పొద్దున దిగితే మళ్ళీ రాత్రికే పైకి రావడం. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి బిడ్డకు పాలిచ్చి రావడం కుదరదు. ఆ బిడ్డ సీసా నోట పెట్టదు.

మేనేజర్ అటు వెళ్ళగానే క్యాష్ కౌంటర్ అక్క దగ్గరికొచ్చింది.

"కాస్త పౌడరైనా రాసుకోవే."

"రాసుకుంటే?"

"తెల్లగా అలిసిపోయినట్టు కనిపిస్తావు."

అద్దం పిల్లకు నవ్వు రాలేదు. ఇంట్లో అత్తగారు, లోకంలో పిల్లను కన్నది నువ్వొక్కదానివేనా అంటుంది. మొగుడు, కాస్త తల దువ్వుకోరాదూ అంటాడు. ఆ దువ్వుకునేంతసేపైనా బిడ్డను ఎత్తుకోడు.

షాపు తెరిచారు. వచ్చిన ప్రతి మనిషి మీదా అనుమానమే. పక్క షాపు ఎటు అని అడగడానికి వచ్చిన ముసలాయనకు కూడా కుర్చీ వేశారు.

మధ్యాహ్నం కావస్తుండగా, ఊదారంగు శాలువా కప్పుకున్న ఒకావిడ లోపలికొచ్చింది.

బట్టల వంక చూడలేదు. నేరుగా అద్దం దగ్గరికొచ్చి, అద్దం పిల్లను పరీక్షగా చూసింది.

"ఏం చూపించమంటారండీ?"

"ఏం వద్దమ్మా. ఎన్నో నెల బిడ్డకి?"

అద్దం పిల్ల నిటారుగా నిలబడింది. హెడ్డాఫీసు మనిషి ఈవిడే.

"నాలుగోదండీ."

"అనుకున్నా. నుదుటి దగ్గర జుట్టు ఊడేది ఇప్పుడే. పాపిడి పక్కకి తీసుకో, కనపడదు. చన్నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు కళ్ళ మీద వేసుకుంటే ఉబ్బు తగ్గుతుంది. పెదాలకి రాసుకున్నదే వేలితో కాస్త బుగ్గలకి అద్దు."

ఒక్కో మాటా ఒక్కో వంకలా వినిపించింది అద్దం పిల్లకు.

"అన్నిటికంటే ముందు కాసేపు కూర్చో తల్లీ. కూర్చుంటేనే సగం కళ వస్తుంది."

"ఇక్కడ కూర్చోకూడదండీ. మీకు తెలీదా?"

"తెలుసు," అందావిడ. "గౌను ముందు వైపు తడిసింది, చూసుకున్నావా?"

అద్దం పిల్ల తల వంచి చూసుకుంది. పాలు. గౌను మీద అరచేతంత మచ్చ.

ఇక ఆగలేకపోయింది.

"రాసుకోండి. కళ్ళు ఉబ్బాయని రాసుకోండి. జుట్టు ఊడుతోందని రాసుకోండి. పాలు కారుతున్నాయని కూడా రాసుకోండి. పిల్లను కన్న ఒంట్లోంచి పాలు కాక సెంటు కారుతుందా? కూర్చోడానికి కుర్చీ ఇవ్వరు. కాసేపు తలుపేసుకోడానికి గది ఇవ్వరు. మొహం మాత్రం కళకళలాడాలి. సాటి ఆడదానికి వంకలు పెట్టి, దాని నోటి దగ్గర కూడు లాగేసే బతుకూ ఒక బతుకేనా?"

షాపంతా ఇటు తిరిగింది.

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. తన శాలువాకున్న పిన్నీసు తీసి అద్దం అంచున పెట్టింది.

"స్కార్ఫు అడ్డంగా వేసుకుని దీంతో పట్టించు. మచ్చ కనపడదు."

అంతే. తల వంచుకుని వెళ్ళిపోయింది.

అద్దం పిల్ల ఆ పిన్నీసును తీసి చెత్తబుట్టలో పడేసింది. అన్నందుకు బాధ లేదు. ఇంకో నాలుగు అనలేదే అని ఉంది.

కాసేపటికి ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు.

"హెడ్డాఫీసు ఆయన ఫోన్ చేశాడు. పొద్దున్నే వచ్చి, ఒక బెల్టు కొనుక్కుని వెళ్ళాడట."

"ఆయనా?" అంది అద్దం పిల్ల. "మరి నా గురించి ఏమన్నారు సార్?"

"నీ వంక చూడనే లేదట."

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే మేనేజర్ చూపు గౌను మీద పడింది.

"ఆయన చూడకపోతేనేం, నాకు కళ్ళు లేవా? ఛీ, ఏంటది? రేపట్నుంచి కిందకి దిగు. ఇక్కడికి కొత్త పిల్ల వస్తుంది."

"సార్, నా బిడ్డ పాలకి..."

"అది మీ ఇంటి గొడవ."

అతనికీ ఇద్దరు పిల్లలు. వాళ్ళు ఏం తాగి పెరిగారో ఎవరైనా అడిగితే చెప్పలేడు.

అద్దం పిల్ల తిన్నగా క్యాష్ కౌంటర్ దగ్గరికి నడిచింది.

"అయితే ఆ శాలువా ఆవిడ ఎవరక్కా?"

"ఊదారంగు శాలువానా? నేను టీకి వెళ్ళినప్పుడు వచ్చిందా?" అంది అక్క. "ఏమన్నా చెప్పిందా నీకు?"

"చెప్పింది. నేనే వినిపించుకోలేదు. ఎవరామె?"

"నీకు బిడ్డ పుట్టిందనీ, ఈ మేనేజర్ నీ మొహం మీద పడి ఏడుస్తున్నాడనీ ఆవిడకి నేనే చెప్పానే. నేను పడ్డది ఆ పిల్ల పడకూడదక్కా, ఒకసారి చూసొస్తా అంది."

"ఏం పడింది?"

అక్క మేనేజర్ ఎక్కడున్నాడో చూసి, గొంతు తగ్గించింది.

"చంటిబిడ్డ తల్లని కూడా చూడకుండా ఆవిడను గోడౌన్‌కి దింపారు. బిడ్డ పాలకి ఏడుస్తుంటే చూడలేక మానేసింది. ఆ అద్దం దగ్గర ఆవిడ నిలబడిన చోటికే నిన్ను తీసుకున్నారు."