వెనక్కి రానీ

దేశమంతా తిరిగి చూద్దామని మిషన్ బడిలో పంతులు ఉద్యోగం వదిలేసి లారీ ఎక్కాడు జాబెజ్. తిరిగిందల్లా సండూరు గనులకీ ఓడరేవుకీ మధ్యే. ఒళ్లంతా ఎర్రదుమ్ము, కళ్లనిండా నిద్ర.

ఆ రాత్రి ఖాళీ బండితో కొండదారెక్కుతూ, ఓ కునుకు తీద్దామని పక్కకి తిప్పి, రివర్సు గేరు వేశాడు. క్లీనర్ ఎప్పటిలాగే వెనకనుంచి బాడీ మీద చరుస్తూ, "రానీ అప్పా, రానీ" అంటున్నాడు. ఆ చప్పుడును నమ్మి జాబెజ్ వెనక్కి పోనిస్తూనే ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరమొచ్చిందని క్లీనర్‌ని సాయంత్రమే బళ్ళారిలో దించేశాడు.

బ్రేకు తొక్కాడు. వెనక చక్రం కింద రాళ్లు జారాయి. అవి కింద పడిన చప్పుడు ఎంతకీ వినపడలేదు.

మళ్లీ ఎవరో చరిచారు. ఈసారి అతని పక్క తలుపు మీదే.

"నిద్రొస్తాండాది గదప్పా నీకు. ఇంగ కొంచెమే, రానీ."