నాలుగు గింజలు

"జ్వరం ఉండాదా అయ్యా?"

"ఉండాది పాపా."

"దగ్గు?"

"అదీ ఉండాది."

"ఊపిరి ఆడతా ఉందా? భోజనం వచ్చిందా?"

"వచ్చింది. నీది ఏ ఊరు పాపా?"

"అదంతా మీకెందుకయ్యా?" భార్గవి ఫోన్ పెట్టేసింది.

ఆమె జాబితాలో ఇరవై మూడో నంబరు అతను. పేరు చౌడయ్య. కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఒంటరిగా ఇంట్లో మూలుగుతున్నాడు.

కరోనా రెండో వేవ్ రోజులు. ఇళ్ళలో ఉన్న రోగులకు అన్నం పంపే తిరుత్తణి ట్రస్టు ఆఫీసులో భార్గవికి ఇది రెండో వారం. సేవ చేద్దామని వచ్చిన పిల్లకు అరవై నంబర్లు, నాలుగు ప్రశ్నలు ఇచ్చి కూర్చోబెట్టారు. మనిషికి రెండు నిమిషాలు.

ఆమెను ఈ దారి పట్టించింది కూడా ఒక ఫోనే.

నిరుడు కడంబత్తూరులో ఉండే తండ్రి మునిస్వామి కరోనాతో తిరువళ్ళూరు ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని ఇవ్వలేదు, కూతురికి కడసారి చూపు కూడా లేదు. ఆ సాయంత్రం కాటికాపరి ఫోన్ నుంచి ఎవరో మాట్లాడారు. మాస్కు చాటున గొంతు సరిగ్గా వినపడలేదు.

"జరగాల్సిందంతా జరిపించినా పాపా. నిబ్బరంగా ఉండు."

పేరు అడిగేలోగా పెట్టేశాడు.

ఆ మనిషిలా బతకాలనుకుంది భార్గవి. బ్యాంకు పరీక్షల పుస్తకాలు అటకెక్కించింది. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెబితే ట్రస్టు నడిపే ఆనందరాజ్ సార్ కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు చౌడయ్యే అడిగాడు. దగ్గు మధ్య మాట తెగుతోంది.

"పాపా, నాకు పిల్లల్లేరు. నేను పోతే నోట్లో నాలుగు గింజలు బియ్యం ఏసేదానికి వస్తావా?"

పోయినవాళ్ళకు కన్నబిడ్డలు కడసారి వేసే బియ్యం అది.

"అట్లాటివి మా ఫారంలో లేవయ్యా."

"ఫారం కాదు పాపా, నువ్వు..."

"ఇంకా నలభై మంది ఉండారు. పెట్టేస్తా."

మూడో రోజూ అదే మాట. పది నిమిషాలు పోయాయి.

ఆనందరాజ్ విసుక్కున్నాడు. "ఒక్కడితో ఏం పురాణంమా? లిస్టు ఎప్పుడు ముగిస్తావు?"

భార్గవికి ఒళ్ళు మండింది. ఇరవై మూడుకు ఎదురుగా 'కోలుకున్నారు' అని టిక్కు పెట్టేసింది. ఇక అతనికి ఫోనూ లేదు, భోజనం పొట్లమూ లేదు.

పీడ విరగడైందనుకుంది. ఆ పూట లిస్టు వేళకు ముగిసింది. సార్ మెచ్చుకున్నాడు కూడా.

వారం తర్వాత సార్ మళ్ళీ పిలిచాడు. "కోలుకున్నోళ్ళ ఫోటోలు కావాలమా. నవ్వుతా ఉండాల. విరాళాలిచ్చినోళ్ళకు పంపాల."

కనకమ్మ సత్రంలో చౌడయ్య ఇంటికి తాళం వేసి ఉంది. గడప ముందు బ్లీచింగ్ పొడి.

పక్కింటి కుప్పమ్మ దూరం నుంచే అడిగింది. "ఎవురుమా నువ్వు?"

"ట్రస్టు నుంచి అవ్వా. చౌడయ్యకు నయమైంది కదా, ఫోటోకు వచ్చినా. యాడికి పోయినాడు?"

"నయమా? పోయి నాలుగు దినాలాయ. మీ అన్నం పొట్లం కూడా నిలిచిపాయ. నేను గడప మీద గంజి పెట్టినా, లేచొచ్చి తీసుకోలేకపోయినాడు. వ్యాన్‌లో వచ్చి మూటగట్టి ఎత్తుకుపోయినారు."

భార్గవి ఫోటో తీసే ఫోన్ దించేసింది. "నోట్లో బియ్యం..."

"ఎవురేస్తారు? నిరుడంతా తిరువళ్ళూరు శ్మశానంలోనే ఉండినాడు. బిడ్డలు రాలేని పీనుగలకు, ఆ బిడ్డల పేరు చెప్పి ఆయనే ఏసినాడు. ఆయనకు ఒక్క గింజ పడలా."

కుప్పమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, కిటికీకి తగిలించిన గుడ్డసంచి చూపించింది.

"ట్రస్టు పాప వస్తాది, ఇయ్యమన్నాడు. కడదాకా వస్తాదనే అనినాడు."

సంచిలో గుప్పెడు పసుపు బియ్యం, మడతలు నలిగిన కాగితం ఉన్నాయి. కాగితం నిండా పోయినవాళ్ళ పేర్లు.

మొదటి పేరు దగ్గరే భార్గవి ఆగిపోయింది.

'కడంబత్తూరు మునిస్వామి. ఒక్కతే కూతురు, భార్గవి. ఆ పాప పేరు చెప్పి మూడు పిడికిళ్ళు వేసినాను.'