నాన్న పేరిట కుక్క

కుక్కని నాన్న సమాధి రాయికి కట్టేసి కత్తి తీశాను. మా అన్న కంబోలాత్ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు.

"పిచ్చెక్కిందా ఫరీజాత్! దాన్ని నాన్న పేరిట కోస్తే పైలోకంలో ఆయన కుక్కమాంసం తినాలి. అక్కడివాళ్లు పంక్తిలోంచి లేపేస్తారు."

"మన ఒసెట్ జాతివాళ్లకి తెలీని సంగతా? మా ఆయన్ని కాల్చిందెవరో చెప్పు, వదిలేస్తా."

"నాకేం తెలుసు?"

కుక్క మూతి పట్టి పైకెత్తాను.

"ఆగవే! నేనే." అన్నయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నేనే కాల్చాను. కావాలంటే నన్ను పొడిచెయ్. నాన్న జోలికి మాత్రం పోకు."

నాన్న పోయిన రోజు, పైలోకానికి ఎక్కి వెళ్లమని తన గుర్రాన్నే ఆయన పేరిట ఇచ్చాడు మా ఆయన. ఆ మరుసటి వారమే పచ్చిక బయల్లో శవమై దొరికాడు.

"మా ఆయన నీకేం చేశాడు?"

"నాకేం చెయ్యలేదే. అడక్కుండా నిన్నెత్తుకుపోయాడని నాన్నకే కడుపుమంట. పోయేముందు నా చేత ఒట్టేయించుకున్నాడు."

అంటే ఇన్నాళ్లూ మా ఆయనిచ్చిన గుర్రం మీదే నాన్న అక్కడ దర్జాగా తిరుగుతున్నాడన్నమాట.

అన్నయ్య ఏడుస్తున్నాడు. భుజం పట్టి లేపాను.

"లే అన్నయ్యా, నిన్నేం చెయ్యను. కుక్క కాళ్లు గట్టిగా పట్టుకో."