నడికట్టు కొస

మెర్సె పండగకు బార్సిలోనా అంతా మునిసిపాలిటీ ముందే ఉంది. మనిషి మీద మనిషి ఎక్కి గోపురం కట్టే మా జట్టు, పైకెక్కేవాళ్లు కాలు మోపే పొడవాటి గుడ్డ నడికట్లు చుట్టుకుంటోంది. పదేళ్లుగా మా ఆయన కిమ్ నడికట్టు కొస లాగిపట్టుకునేది నేనే. ఇవాళ దాన్ని, ఎప్పుడూ అతని భుజాలెక్కే నెయుస్‌కి అందించాడు.

నాకు ఒళ్లు మండింది. "నా చేతులేమైనా పడిపోయాయా?"

"పోయిన ఆదివారం వదులుగా పట్టుకున్నావు. నెయుస్ కాలు పెట్టగానే కట్టు జారి, తను కింద పడింది."

కావాలనే వదిలానని అతనికి తెలియదు. ఆమె నవ్వుతూ అతని భుజాలెక్కడం చూడలేకపోయాను.

నెయుస్ కుంటుతూ వచ్చి కొస బలంగా లాగిపట్టుకుంది. కిమ్ గిర్రున తిరుగుతూ చుట్టుకున్నాడు.

"నేనైతే గట్టిగానే పట్టుకున్నానక్కా," అంది నా చేతులకేసి చూస్తూ. "ఇవాళ నా బదులు ఎక్కేది నువ్వేగా."