కాలిపోని పిక్చర్ ట్యూబ్

వీధి చివరి పిన్నిగారి పాత టీవీలో పాడైంది చిన్న కెపాసిటర్ ఒక్కటే. అలాంటిది వెతికి తెచ్చే ఓపిక లేక, "పిక్చర్ ట్యూబ్ కాలిపోయింది పిన్నిగారూ" అని మెకానిక్ నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. ఆ చెక్క పెట్టెలోనే కొత్త పల్చటి స్క్రీన్ బిగించి, సాయంత్రం ఆవిడ ఇంటికి చేర్చాడు.

రాత్రి షాపు మూయబోతుండగా ఆవిడ ఫోన్ చేసింది.

"బొమ్మ బ్రహ్మాండంగా ఉంది బాబూ. కట్టేశాకే ఏమీ కనబడట్లేదు."

"కట్టేస్తే ఏం కనబడుతుంది పిన్నిగారూ?"

"ఇదివరకు ఆ గాజులో గదంతా కనబడేది. నా పక్కన మీ బాబాయిగారు కూర్చునేవారు. పోయాక కూడా రోజూ కూర్చునేవారు."

మెకానిక్ బల్ల మీదున్న పాత ట్యూబు వైపు చూశాడు. నల్లటి గాజులో షాపు వంకరగా కనబడుతోంది. అతని వెనక స్టూలు మీద ఒక ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మెకానిక్ గిరుక్కున తిరిగాడు. స్టూలు ఖాళీగా ఉంది. మళ్లీ గాజులోకి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు.

ట్యూబు బాగానే ఉందని చెప్పబోయి, "పిన్నిగారూ, ఆ ట్యూబు..." అన్నాడు.

"పోనీలే, కాలిపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు నాయనా" అని ఆవిడే ఓదార్చింది.

ఫోనులోంచి ఆ గొంతు వినబడగానే గాజులోని ముసలాయన మెల్లగా తల ఎత్తాడు.