2021 తర్వాత 1

ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడే గాని, అతనికి తలెత్తి మాట్లాడే మొహం లేదు. ఎదురుగా చూపు లేని టీచరమ్మ దిండుకు ఆనుకుని ఉంది. చీటీలు చదివి వినిపించే ప్రోగ్రాం ఆమె కొత్త మందు చీటీలో 0.5 మిల్లీలీటర్లను 5 అని చదివింది. ఆమె ఐదూ తాగేసింది. నాలుగు రోజులు చావు అంచుదాకా వెళ్లి వచ్చింది.

లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వాడేవాళ్లకు ఆ ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టి పంపేది అతనే. అంకెల మధ్య చుక్కను మింగేసే ఆ తప్పును, వాడేవాళ్లలోనే ఎవరో ఎనిమిది నెలల కిందటే దిద్దేశారు. దిద్దింది ఎవరి ఇంటికీ చేరలేదని, టీచరమ్మ చెల్లెలు రాసిన ఫిర్యాదు చూశాక గాని అతనికి తెలియలేదు.

"వారం వారం అప్‌డేట్ నొక్కాను. అంతా తాజాగానే ఉందనేది కంప్యూటర్. ఎందుకు రాలేదు బాబూ?" అంది ఆమె నెమ్మదిగా. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

అతను చెప్పుకొచ్చాడు. ఆ ప్రోగ్రాంకు ఇదివరకు ఏడాదిని బట్టి 2021 అని నంబరు ఉండేది. దిద్దినప్పుడు ప్రోగ్రాం వాళ్లు మళ్లీ 1 నుంచి మొదలుపెట్టారు. కంప్యూటర్‌కు పెద్ద అంకె కొత్తది, చిన్న అంకె పాతది, అంతే. అందుకే 1ని పాత సరుకనుకుని గుమ్మంలోనే ఆపేసింది.

"ఏ బుద్ధిలేనివాళ్లో నంబరు మార్చేశారమ్మా" అనేశాడు.

ఆ మాట నోరు దాటగానే గురివింద సామెత గుర్తొచ్చి అతను సిగ్గుతో చితికిపోయాడు.

"కాదమ్మా, తప్పు నాదే. నంబరు లెక్క మారినప్పుడు, ఇది కొత్త వరస అని కంప్యూటర్‌కు తెలిసేలా దాని ముందు ఇంకో అంకె తగిలించాల్సింది నేను. ఖాళీ కంప్యూటర్లో ఎక్కించి చూసి బాగుందనుకున్నాను. పాతది ఉన్నదాంట్లో చూడనే లేదు."

ఆమె చెయ్యి చాపి, తడుముకుని అతని భుజం తట్టింది. దాంతో అతనికి కన్నీళ్లు ఆగలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ, ఆ ప్రోగ్రాం చుక్కలు మింగుతుందని వాడేవాళ్లందరికీ తెలుసే, మరి ఐదు అన్నప్పుడు అనుమానం రాలేదా అని అడిగాడు.

"వచ్చింది బాబూ" అంది టీచరమ్మ.

"కానీ ఆ తప్పు ఎప్పుడో పోయిందనుకున్నాను. దిద్దింది నేనే కదా."