నన్ను చూడకండి

ఇద్దరు మగవాళ్ళ మధ్య కారు వెనక సీట్లో ఇరుక్కుని కూర్చుంది మీరిమ్. ఒళ్ళో కెమెరా. గతుకుల కొండదారి. ఎక్కడ దెబ్బ తగులుతుందోనని దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మెల్లగా పోనీ ఉలాన్! దీనికేమైనా అయితే మీ అమ్మ సినిమా లేనట్టే."

ఉలాన్ నవ్వలేదు. ఆమె పట్నం నుంచి వచ్చి నరీన్ ఊళ్ళో బస్సు దిగిన ప్రతిసారీ కారుతో ఎదురొచ్చేది అతనే. దారి పొడవునా వాగుతూనే ఉండేవాడు. ఇవాళ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నోటికి తాళం వేసుకున్నాడు. తోడొచ్చిన అతని స్నేహితులిద్దరూ కిటికీల్లోంచి గొర్రెల మందల్ని చూస్తున్నారు.

భయపడుతున్నాడు కాబోలు అనుకుంది. భయం ఉండదా మరి? వెళ్ళే పని అలాంటిది.

ఆడపిల్లను ఎత్తుకొచ్చి పెళ్ళి చేసుకోవడం ఆ కొండల్లో పాత అలవాటు. చట్టం వద్దన్నా ముసలమ్మలకు అదే ముద్దు. దానికి ఎదురుతిరిగింది ఉలాన్ తల్లి జూరాకన్. వయసులో ఆమెనూ అలాగే తెచ్చారు. ప్రాణస్నేహితురాలే ఉన్ని ఏరడానికి రమ్మని పిలిచి కారెక్కించింది. ఆ మంట ఇంకా ఆరలేదు. ఉన్ని తివాచీలు చేసే ఆడవాళ్ళందరినీ ఆమె కూడగట్టింది. ఎవరింట్లో కొత్తమ్మాయి ఏడుపు వినబడినా పెళ్ళి కుదరకముందే అందరూ కలిసి వెళ్ళి, తిట్లూ శాపాలూ భరించి, ఆ పిల్లను పుట్టింటికి చేర్చేవాళ్ళు.

మీరిమ్ వాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తోంది. వెనక నిర్మాత లేడు, ముందు జీతం లేదు. ఏళ్ళ తరబడి వాళ్ళ వంటిళ్ళలో తిని, వాళ్ళ పరుపుల మీద పడుకుని తీసింది. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. అమ్మాయిని విడిపించడం ఎప్పుడూ ఆమె లేనప్పుడే జరిగిపోయేది.

నిన్న జూరాకనే ఫోన్ చేసింది. "రేపు మా మరిది ఇంట్లో పెళ్ళి పెట్టారు తల్లీ. అమ్మాయిని తెస్తున్నారు. మేమంతా ముందే వెళ్ళి ఉంటాం. నువ్వూ రా."

మీరిమ్‌కు నిద్ర పట్టలేదు. సినిమా సంగతి అటుంచి, ముందు ఆ పిల్ల క్షేమంగా బయటపడాలి.

మరిది ఇంటి పెరట్లో గొర్రెను కోస్తున్నారు. నూనె మూకుడులో బూరెల్లాంటి బోర్సోకులు పొంగుతున్నాయి. లోపల గదిలో ఒక మూలకు పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే తెర కట్టేశారు. జట్టు ఆడవాళ్ళంతా గోడవారగా కూర్చున్నారు.

మీరిమ్ తన పద్ధతిలో పని మొదలుపెట్టింది. మధ్యలో మోగకుండా అందరి ఫోన్లూ ఒక గంపలో వేయించింది. తనదీ వేసి, గంపను వంటింట్లోకి పంపింది. తలుపు మూయించింది.

"గొళ్ళెం పెట్టనా?" అంది గులీపా. జట్టులో నోరున్న మనిషి.

"పెట్టు వదినా. గాలికి కొట్టుకుంటోంది."

వెలుతురు అక్కడే బాగుందని తెర పక్కకు చేరి నిలబడింది.

"ఎప్పట్లాగే. నన్ను చూడకండి. నేను లేననుకోండి."

వాళ్ళకు అలవాటైపోయిన మాటే. కెమెరా ఎదురుగానే జడలేసుకునేవాళ్ళు, మొగుళ్ళను తిట్టుకునేవాళ్ళు. ఇవాళ ఏమొచ్చిందో, అందరూ ఆమెనే చూస్తున్నారు.

"అబ్బా, ఏమిటా చూపులు? నన్నెప్పుడూ చూడనట్టు!"

"మరీ బక్కగా ఉన్నావే, నీళ్ళ బిందెలు ఎలా మోస్తావా అని" అంది గులీపా.

ఎవరో కిసుక్కున నవ్వారు. మీరిమ్ కూడా నవ్వింది. జూరాకన్ నవ్వలేదు.

కెమెరా ఆమె వైపు తిప్పింది మీరిమ్.

"ఎవరమ్మాయి పెద్దమ్మా?"

"పట్నం పిల్ల. చదువుకుంది. మంచిది."

"ఏం చెప్పి రప్పించారు?"

"పని ఉందని."

"పిలిచిందెవరు?"

జూరాకన్ తన చేతుల్ని చూసుకుంది. "నమ్మిన మనిషే. నమ్మనివాళ్ళు పిలిస్తే ఎవరొస్తారు తల్లీ?"

"వాళ్ళమ్మకు తెలుసా?"

"ఆవిడే సరేనంది. వయసు మీరిపోతోందని బెంగట."

మీరిమ్‌కు ఒళ్ళు మండింది. తీసేటప్పుడు తను అభిప్రాయాలు చెప్పకూడదన్నది ఆమె నియమం. ఇవాళ ఆగలేకపోయింది.

"కన్నతల్లి కూడానా! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. పరాయివాడు లాక్కుపోతే రక్కొచ్చు, కరవొచ్చు. నమ్ముకున్నవాళ్ళే అప్పజెబితే ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? మీకూ ఇదే చేశారు కదా పెద్దమ్మా. ఆ స్నేహితురాల్ని మీరు ఇప్పటికైనా క్షమించారా?"

"లేదు" అంది జూరాకన్. "కాకపోతే ఎందుకు చేసిందో ఇప్పుడు అర్థమవుతోంది" అంది.

మాట చాలా బాగా రికార్డయింది. మీరిమ్‌కు ఆమె మీద జాలేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పాత గాయాన్ని మళ్ళీ కెలికానే అని తనను తాను తిట్టుకుంది.

జూరాకన్ ఒళ్ళోని సంచిలోంచి తెల్లని తలగుడ్డ తీసింది. ఎత్తుకొచ్చిన అమ్మాయి తల మీద అది పడిందంటే పెళ్ళి కుదిరినట్టే లెక్క. తీసి పారేసి గడప దాటిన పిల్లకు పుట్టింటి తలుపు కూడా తెరుచుకోదు.

"పెళ్ళివాళ్ళ దగ్గర్నుంచి కొట్టేశారా!" మీరిమ్ సంబరపడిపోయింది. "భలే పని చేశారు. ఇది లేకపోతే ఇంక వాళ్ళేం చేస్తారు?"

గులీపా నేల చూపులు చూస్తోంది. బయట అరుగు మీద ఉలాన్ దగ్గు వినబడింది.

మీరిమ్ కెమెరా మీంచి కన్ను తీయకుండానే అడిగింది. "ఇంతకీ ఆ అమ్మాయిని ఎప్పుడు తెస్తారు?"

"తెచ్చేశాం కోడలా" అంటూ జూరాకన్ లేచి, ఆ తెల్లగుడ్డను మీరిమ్ తల మీద కప్పింది.